గోడలకి నీళ్లు

మూడు గోడలు ఆరాయి, నాలుగోది ఇంకా పచ్చిగా ఉంది. కొత్త బాత్‌రూం గుమ్మంలో ఇత్తడి చెంబు పట్టుకుని నిలబడ్డ రాజరాజేశ్వరికి కొంగున ముడేసి బొడ్లో దోపుకున్న కాగితం ముక్కలు నడుముకి గుచ్చుకుంటున్నాయి. అయిదు ముక్కలు. పావుగంట కిందటి దాకా ఆవిడ మామూలు మనిషి. ఎల్లుండి రాత్రి ఆడపడుచు మీనాకుమారి పెళ్లి, రేపు పొద్దున పెళ్లికూతుర్ని చెయ్యడం, మొగపెళ్లివారికి రాజమండ్రిలో అలవాటైన బాత్‌రూం ఇక్కడా ఉండాలని పాత తాటాకు తడికలు పీకించి, వంటింటి వెనక కొట్టుగదిని పెద్దది చేసి కట్టిస్తున్న ఈ నాలుగు గోడలు, ఇదే ఆవిడ లోకం. గోడలకి కొట్టడానికి నీళ్లు తోడదామని నూతి దగ్గరకి వెళ్తూ, తాపీమేస్త్రి పోయించిన పాత పెచ్చుల కుప్ప మీద ఏదో కాగితం కనపడితే, పెళ్లివారొచ్చేలోగా ఈ కుప్ప తీయించాలి అనుకుంటూ వంగింది. వంగి చూడకపోతే ఏం పోయేది. టెలిగ్రాం ఫారం అది. తొందరలో చింపినట్టున్నారు, పెద్ద పెద్ద ముక్కలు. మదర్ ఎక్స్‌పైర్డ్ లాస్ట్ నైట్. స్టార్ట్ ఇమ్మీడియట్లీ. బుల్లిబాబు. బుల్లిబాబు ఆవిడ తమ్ముడు. నిడదవోల్లో ఉంటాడు, అమ్మని పెట్టుకుని.

ఆ ఇంగ్లీషు మాటకి అర్థం తెలియకపోయినా బాగుండేది. చదివింది పదో తరగతి, మర్చిపోయినవే ఎక్కువ, కానీ ఆ ఒక్క మాట మర్చిపోయే మాట కాదు. పోయిన ఏడు చైత్రంలో మామగారు పోయినప్పుడు ఊళ్లకి పంపాల్సిన టెలిగ్రాములన్నీ ఆవిడ చేతే రాయించాడు మొగుడు జోగేశ్వరరావు. నీ అక్షరాలు గుండ్రంగా ఉంటాయి, రాయి, అన్నాడు. పదకొండు ఫారాలు. పదకొండుసార్లు ఎక్స్‌పైర్డ్, ఎక్స్‌పైర్డ్ అని గుండ్రంగా రాసింది. అందులో ఒకటి అమ్మకే వెళ్లింది. అమ్మ ఆ కాగితం అందుకుని తొలి బస్సుకే వచ్చేసింది, వచ్చీ రాగానే వంటింట్లో దూరి, ఏడ్చేవాళ్లని ఏడవనిచ్చి, వండేవాళ్లు లేరని పదిరోజులూ తనే గరిటె పట్టుకుంది. ఆ చేతులు ఇప్పుడు. ఈ ఎండకి ఇంతసేపు ఉంచరు. మూడు దాటింది. ఈపాటికి ఎత్తేసి ఉంటారు.

లోపల ఆశీర్వాదం గోడని చెక్కతో గుండ్రంగా రుద్దుతున్నాడు. గరగర, గరగర. మధ్యలో కుంచె ముంచి నీళ్లు చిలకరించి మళ్లీ గరగర. ఇరవయ్యేళ్లుగా రామచంద్రపురంలో సగం ఇళ్లకి గోడలు పూసిన మనిషి, మాట తక్కువ. నాలుగో గోడకి పై పూత మొదలెట్టాక మధ్యలో ఆపితే అతుకు గీత పడిపోతుందట, జన్మలో పోదట, అందుకని అన్నం కూడా తినకుండా మొదలెట్టాడు. అయిపోయేదాకా ఆపడానికి వీల్లేని పని. తనకీ అలాంటి పని ఒకటి వచ్చి పడిందని రాజరాజేశ్వరికి అనిపించింది, అనిపించినందుకు తన మీద తనకే కోపం వచ్చింది. అమ్మ పోతే గోడ గురించి ఆలోచిస్తావేంటే. ఏడవ్వేంటి. ఏడుపు వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది. ఆపింది తను కాదు, అదే ఆగింది. ముందు హాల్లో అత్తగారు మాణిక్యాంబ కునుకు తీస్తోంది, ఆవిడ పక్కనే మీనా అరిచేతుల గోరింటాకు ఆరబెట్టుకుంటూ పడుకుంది. ఒక్క కేక వేస్తే చాలు. ఒక్క కేకతో పెళ్లి ఆగిపోతుంది.

ఎందుకు ఆగిపోతుందో ఆ ఇంట్లో చంటిపిల్లల్ని అడిగినా చెబుతారు. మామగారు లేరు కాబట్టి కన్యాదానం చెయ్యాల్సింది పెద్దకొడుకు జోగేశ్వరరావు, పీటల మీద పక్కన కూర్చోవలసింది రాజరాజేశ్వరి. తల్లి పోతే కూతురికి మూడు రోజులు మైల. అయితే పోయిన రోజు నుంచి కాదు, విన్న క్షణం నుంచి. చెవిన పడనంతసేపూ మైల లేదు. అల్లుడికైతే స్నానంతో సరి. పొద్దున ఎనిమిదింటికి మొగుడు నూతి దగ్గర నిలబడి నాలుగు చేదలు వరసగా నెత్తిన గుమ్మరించుకుంటుంటే చూసింది. ఇవాళ తలస్నానమేంటండీ అంటే, ఎండ మండిపోతోంది కదా, అన్నాడు. తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, మీ అమ్మగారికి జ్వరమట, రేపు రాలేరేమో, ఎవరో చెప్పారు, అన్నాడు. మొహం చాలాసేపు తుడుచుకున్నాడు. పెళ్లి సామానుందని రాజమండ్రి బస్సెక్కాడు. రాజమండ్రి కాదు, అది దాటి నిడదవోలు వెళ్లుంటాడు. పాడె పట్టుంటాడు. కూతురు రాలేదేమని ఎవరో అడిగుంటారు, ఆమెకి చెప్పలేదండీ అని ఈయన అనుంటాడు, పోనీలెండి శుభకార్యం కదా అని వాళ్లు అనుంటారు. అంతా సవ్యంగా జరిగిపోయి ఉంటుంది. ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. తప్పు ఆ కాగితంది. చావు కబురు కాగితం ఇంట్లో ఉంచకూడదు, పొయ్యిలో పెట్టకూడదు, గడప దాటించి చింపి పారెయ్యాలి. అలాగే చేశాడు పెద్దమనిషి. బీరువాలో పెట్టి తాళం వేసుంటే ఆవిడకి ఎల్లుండి దాకా తెలిసేది కాదు. ఆచారం తప్పకుండా చింపి, పోయి పోయి ఆవిడ రోజూ పదిసార్లు తిరిగే చోట పారేశాడు.

"ఆశీర్వాదం, పొద్దున బాబుగారు ఇక్కడేమన్నా చింపారా?"

గరగర ఆగింది. అతను తిరగలేదు. "నేను చూళ్లేదండమ్మగారూ." మళ్లీ రెండుసార్లు రుద్ది, ఆగాడు. "చింపాకండి, ఆ పెచ్చుల కుప్ప మీదే కాసేపు కూకున్నారండి. తెల్ల పంచె, పాడయిపోద్దండీ అన్నానండి. లేవలేదండి."

కూర్చున్నాడన్నమాట. ఆ మాత్రం అభిమానం ఉంది. అమ్మకి అల్లుడంటే ప్రాణం. వచ్చినప్పుడల్లా అల్లుడికి నిడదవోలు స్టేషన్ దగ్గర మరమరాల ఉండలు కొనుక్కొచ్చేది, నలభయ్యేళ్లవాడికి మరమరాల ఉండలేంటే అని ఇంట్లో అందరూ నవ్వేవాళ్లు, ఆయన మాత్రం దాచుకుని తినేవాడు. రైళ్ల పక్కన బతికిన మనిషి అమ్మ, కూత విని ఏ బండో చెప్పేది, ఈ ఊరొస్తే రైలు కూత లేక నిద్ర పట్టట్లేదే అనేది. రాత్రి ఏ బండి వెళ్తుండగా పోయిందో. ఎవరన్నా పక్కనున్నారా. మంచినీళ్లు అడిగిందా. ఇవాళ పొద్దున జ్వరమని విన్నప్పుడు తను ఏమనుకుంది? ఆడపడుచు పెళ్లికి పుట్టింటి నుంచి మనిషి రాకపోతే నలుగురిలో ఎంత నామోషీ, ఒళ్లు వెచ్చబడితే చాలు వంక దొరుకుతుంది ఈవిడకి, అనుకుంది. పైకి కూడా అంది, బియ్యం ఏరుతూ, అత్తగారి ముందు. అత్తగారు చేట దగ్గరకి లాక్కుంది. బియ్యంలోకి చూస్తూ ఉండిపోయింది. ఆవిడకి తెలుసు. అప్పటికే తెలుసు. తెలిసీ తను తల్లిని తిట్టుకుంటుంటే విని ఊరుకుంది. చెప్పడానికి వీల్లేదు కదా మరి, పాపం.

మీనా మీద కోపం తెచ్చుకుందామని చూసింది, రాలేదు. తను కాపరానికొచ్చినప్పుడు ఆ పిల్లకి తొమ్మిదేళ్లు. తలలో పేలు తీసింది తను, చీర కట్టడం నేర్పింది తను. ఈ సంబంధం పోయిన ఏడు ఖాయమయ్యాక మామగారు పోయారు. ఏడాది ఆగారు వాళ్లు. ఆగుతూనే ఆ పెళ్లికొడుకు నాయనమ్మ ఒక మాట అంది, ఇంకోసారి ఆగితే ఈ పిల్ల మనకి అచ్చిరాదనుకుంటాం అని. ఆ మాట విన్నాక మీనా మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. ఇప్పుడు ఇంకోసారి ఆగితే ఆ పిల్లని చేసుకునేవాడెవడు. అత్తింట అడుగు పెట్టకుండానే తండ్రిని మింగింది, వదిన తల్లిని మింగింది అని ఊరంతా చెప్పుకుంటారు. అలాగని నోరు మూసుకుని పీటల మీద కూర్చుంటే? విన్నాక మైల వచ్చేసింది కదా. ఎవరికీ తెలియకపోయినా తనకి తెలుసు. మైల చేతులతో ధార పోసిన కన్యకి ఏమన్నా అయితే, రేపు కడుపు పండకపోతే, పుట్టినది నిలవకపోతే, ఆ పాపం ఎవరి నెత్తిన? చెప్పుకుని పంచుకోవడానికి కూడా మనిషుండరు. నీకెలా తెలిసిందని అడుగుతారు, విన్నావుట కదా అని అడుగుతారు, విని కూడా కూర్చున్నావా అని అడుగుతారు.

ఆశీర్వాదం చెక్క కింద పెట్టి, తాపీ పిడితో మొన్న పూసిన గోడని టకటకా కొట్టి చూస్తున్నాడు. ఒకచోట ఆగి, చెవి దగ్గర పెట్టి మళ్లీ కొట్టాడు. "ఇక్కడ కొంచెం గుల్ల పలుకుతుందండి. పైకి నున్నగానే ఉంటదండి, తెలవదు. నీళ్లు బాగా కొట్టండమ్మగారూ, ఈ ఎండలకి తడి చాలకపోతే జుట్టులా బీటలొచ్చేత్తాయి." సరే అంది. గొంతు బాగానే వచ్చింది. తన గొంతు అంత బాగా రావడం ఆవిడకి నచ్చలేదు. తల్లి పోయిందని తెలిసిన గంటలో ఏ కూతురి గొంతూ అలా రాకూడదు. పెళ్లయ్యాక మూడో రోజునో నాలుగో రోజునో వీళ్లంతా కూర్చోబెట్టి చెబుతారు, మెల్లిగా, మంచినీళ్లు చేతికిచ్చి. అప్పుడు కొత్తగా వినాలి. కొత్తగా ఏడవాలి. సరిగ్గా ఎంత ఏడవాలో కూడా చూసుకోవాలి. అమ్మ కోసం మొదటిసారి ఏడ్చే ఏడుపు నాటకమై కూర్చుంటుంది.

నాటకం అనుకోగానే బావి గట్టు కళ్ల ముందుకొచ్చింది. ఈ ఇంటి నూయి కాదు, నిడదవోల్లో తమ ఇంటి బావి. అరవై తొమ్మిదో సంవత్సరం, తన పెళ్లికి ముందు రోజు పొద్దున. ఒళ్లంతా నలుగు పూసి తనని అరుగు మీద కూర్చోబెట్టారు. అమ్మ నీళ్లు తోడుతానని వెళ్లింది. పనివాళ్లుండగా నువ్వెందుకే అని ఎవరో అన్నారు, వినిపించుకోలేదు. నిండా తోడిన చేద పైకెత్తి, ఏమైందో, నెత్తి మీద గుమ్మరించుకుంది. ఒకటి కాదు. తడిసిపోయానుగా ఇంకేముందిలే అంటూ రెండోది కూడా. చేద జారిందే అమ్మాయీ, అంది తన వైపు తిరిగి. జడ విడిపోయి, చీర ఒంటికి అతుక్కుపోయి, బొట్టు ముక్కు మీదకి కారి నిలబడింది. అందరూ పగలబడి నవ్వారు. పెళ్లికూతురి కంటే ముందు తల్లికి మంగళస్నానం అయిందని పెద్దమ్మ అంది. తనూ నవ్వింది, నలుగు పిండి నోట్లో పడేదాకా నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. కళ్లు ఎర్రగా ఉన్నాయేంటే అని పెద్దమ్మ అడిగితే గాడిపొయ్యి పొగ అంది.

పొగ కాదు. ఇప్పుడు, పద్నాలుగేళ్లకి, ఈ పచ్చి సిమెంటు వాసనలో నిలబడ్డాక తెలుస్తోంది. ఆ పెళ్లికి రెండు రోజుల ముందే జంగారెడ్డిగూడెంలో అమ్మవాళ్ల నాన్న, తన తాతయ్య పోయాడు. నాన్నా పెదనాన్నా కలిసి అమ్మకి తెలియనివ్వలేదు. తనని కాపరానికి సాగనంపిన మర్నాడు చెప్పారు. ఆ సంగతి బుల్లిబాబు తర్వాతెప్పుడో చెప్పాడు తనకి, అక్కా, నాన్న వచ్చి ఒక అశుభం జరిగింది, గుండె దిటవు చేసుకో అన్నాడంతే, ఎవరో ఏంటో చెప్పకుండానే అమ్మ, అయ్యో నాన్నా అని పడిపోయింది అని. పెద్దాయన మంచంలో ఉన్నాడు కదా, ఊహించుకుంది అనుకున్నారందరూ. ఊహ కాదు. పెళ్లికొచ్చిన చుట్టాల్లో ఎవరో నోరు జారుంటారు, ఏ గది తలుపు చాటునో చెవిన పడుంటుంది. విన్నది. విని, స్నానం చెయ్యాలి కాబట్టి చేసింది. చేద జారిందని చెప్పింది. పొడి చీర కట్టుకుని, మళ్లీ బొట్టు పెట్టుకుని, మర్నాడు పీటల మీద కూర్చుని అల్లుడి కాళ్లు కడుగుతుంటే పళ్లెంలోకి నీళ్లు పోసింది. నాలుగు రోజులు నవ్వుతూ తిరిగింది.

ఇంకొకటి కూడా తెలిసింది, అది తట్టగానే రాజరాజేశ్వరి గుమ్మం పట్టుకుంది. పెళ్లయిన రెండో ఏడు తనకి మొదటి కాన్పు పోయింది, ఏడో నెలలో. మంచం పక్కన కూర్చుని అమ్మ తన కాళ్లు ఒత్తుతూ, ఒత్తుతూ, అంతా నా వల్లే తల్లీ, నేను చేసిందే, అంది. ఏం చేశావమ్మా నువ్వు, అంటే దుప్పటి సర్దింది. తర్వాత ఇద్దరు పిల్లలు పుట్టి బాగానే ఉన్నా ప్రతి ఏడూ తన పెళ్లిరోజున అమ్మ ఒక్కపొద్దు ఉండేది. ఎందుకే అంటే నీ పసుపు కుంకాల కోసం అనేది. పద్నాలుగేళ్లు. అన్నీ చెప్పుకునే మనిషి, పక్కింటివాళ్ల కోడలి సంగతుల దగ్గర నుంచీ అన్నీ చెప్పే మనిషి, ఇదొక్కటీ చెప్పలేదు. చెబితే కూతురికి తన కాపరం మీద అనుమానం పుడుతుందని చెప్పలేదు. మోసుకుంటూ పోయింది. అమ్మా, ఎంత బరువు మోశావే. ఇప్పుడు అదే నాకు పెట్టి పోయావా.

"అయిపోయిందండమ్మగారూ." ఆశీర్వాదం గుడ్డతో చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. "ఈ గోడ మీద మాత్రం రేప్పొద్దున దాకా చుక్క పడకూడదండి. ఆ మూడింటికీ కొట్టండి. నేను తాపీ కడుక్కొత్తాను." నూతి వైపు వెళ్లబోతూ ఆవిడ మొహం చూసి ఆగాడు, ఏదో అడగబోయాడు. వెళ్లిపోయాడు.

రెండు బకెట్లు లోపల పెట్టుకుని తలుపు దగ్గరకి వేసింది. తలుపుకి ఇంకా గడియ బిగించలేదు. పైన చిన్న కిటికీలోంచి ఎండ పచ్చి గోడ మీద పడుతోంది. మొదటి చెంబు గోడకి కొట్టింది. సిమెంటు గుటుక్కున తాగేసింది. రెండోది, మూడోది. నాలుగో చెంబు నింపి, ఏ వైపు తిరగాలో తెలియక ఒక క్షణం నిలబడింది. నిడదవోలు ఏ దిక్కునుందో ఈ గదిలో తెలియలేదు. పచ్చి గోడకి వీపు పెట్టకుండా, దాని మీద చుక్క పడకుండా అవతలి మూలకి జరిగింది. ముడి విప్పి జుట్టు వదిలింది. నెత్తి మీద పోసుకుంది. అమ్మా అనుకుంది. పైకి అనలేదు. ఇంకో చెంబు గోడకి, ఇంకోటి నెత్తికి. బయటికి వినపడాల్సింది గోడకి కొట్టే చప్పుడు కాబట్టి గోడకి గట్టిగా కొట్టింది. ఏడుపు అప్పుడొచ్చింది. నీళ్లు కారుతున్నంతసేపు ఏడవచ్చని లెక్క పెట్టుకున్నట్టు, చప్పుడు లేకుండా, నోట్లో తడి కొంగు కుక్కుకుని ఏడ్చింది. కొంగు ముడిలో కాగితం ముక్కలు నాని ముద్దయిపోయాయి. వాటిని తీసి తూములోకి వదిలి, పైన ఒక చెంబు పోసింది. రెండో బకెట్టు అడుగుకొచ్చింది.

తలుపు కిర్రుమంది. మాణిక్యాంబ గుమ్మంలో నిలబడి ఉంది, నిద్ర మొహంతో. తడిసిన గోడల్ని చూసింది, చుక్క పడని నాలుగో గోడని చూసింది, విరబోసిన జుట్టుతో నీళ్లు కారుతూ మధ్యలో నిలబడ్డ కోడల్ని చూసింది.

"ఏంటమ్మాయ్, నిలువునా తడిసిపోయావు?"

"గోడలకి నీళ్లు కొడుతున్నానండత్తయ్యగారూ. చెంబు జారింది."

మాణిక్యాంబ కూడా అరవయ్యేళ్లు ఈ ఆచారాల్లోనే బతికిన మనిషి. కళ్లలో ఒకసారి నీళ్లు తిరిగాయి, అంతలోనే ఇంకిపోయాయి. వెనక్కి వెళ్లి తీగ మీది పొడి చీర తెచ్చి, లోపలికి రాకుండా, చేతికి తగలకుండా, గుమ్మంలో కింద పెట్టింది. అలా తగలకుండా పెట్టడంతో ఇద్దరికీ అంతా తెలిసిపోయింది.

"బొట్టు చెరిగిపోయింది," అంది. "తల తుడుచుకుని మళ్లీ పెట్టుకో. పేరంటాళ్లొచ్చే వేళయింది."

రాజరాజేశ్వరి చీర మార్చుకుంది. జుట్టు తువ్వాలుతో గట్టిగా పిండి ముడి వేసింది. వంటింటి గూట్లో అద్దం ముందు నిలబడి, వేలికి కుంకం అద్దుకుని, బొట్టు పెట్టుకుంది. హాల్లోకి రాగానే మీనాకుమారి ఎర్రగా పండిన రెండు అరిచేతులూ పైకెత్తి చూపిస్తూ లేచి కూర్చుంది.

"వదినా, ఎలా పండిందో చూడు. అవునూ, మీ అమ్మగారు రేపు ఏ బస్సుకొస్తున్నారు?"

రాజరాజేశ్వరి దగ్గరకి వెళ్లింది. ఆ చేతులు పట్టుకోబోయి, పట్టుకోకుండా, వంగి చూసింది.

"బాగా పండింది," అంది. "అమ్మకి జ్వరమట మీనా. తగ్గాక వస్తుందిలే."